సనమ్ తేరీ కసమ్ ఫ్లాపా, హిట్టా? వసూళ్లు, రివ్యూల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

2025 ఫిబ్రవరిలో మళ్లీ థియేటర్లకు వచ్చినప్పటి నుంచి ఈ సినిమా గురించి అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. "ఫ్లాప్ అన్నారు కదా, 30 కోట్లు ఎలా వచ్చాయి?" అని ఒకరు, "అప్పుడు రివ్యూలు రాసినవాళ్లకు కళ్లు లేవా?" అని ఇంకొకరు. విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ అలసిపోయి ఇలా ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. మన దేశంలో సినిమా వసూళ్లకు సర్కారీ లెక్కంటూ ఏదీ బయటికి రాదు, ఉన్నవన్నీ ట్రేడ్ (సినిమా వ్యాపార వర్గాల) అంచనాలే. నేను "సుమారు" అని రాసిన చోట అది నిజంగానే సుమారు.

## సినిమా చూడనివాళ్ల కోసం

అసలు ఇది ఏ సినిమా? ఎవరు తీశారు?

2016 ఫిబ్రవరి 5న విడుదలైన హిందీ ప్రేమకథ. దర్శకులు ఇద్దరు, రాధికా రావు, వినయ్ సప్రూ. మ్యూజిక్ వీడియోలతో పేరు తెచ్చుకున్న జంట వీళ్లు. 2005లో సల్మాన్ ఖాన్‌తో 'లక్కీ' తీసిందీ వీళ్లే. ఆ సినిమాతో పరిచయమైన స్నేహా ఉల్లాల్ తర్వాత తెలుగులో 'ఉల్లాసంగా ఉత్సాహంగా' చేసింది, మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నిర్మాత దీపక్ ముకుట్, సంగీతం హిమేశ్ రేషమ్మియా. హీరో హర్షవర్ధన్ రాణే, హీరోయిన్ పాకిస్తాన్ నటి మావ్రా హోకేన్. ఇద్దరికీ ఇదే తొలి హిందీ సినిమా.

కథ రెండు ముక్కల్లో చెప్పండి, ఎందుకింత ఏడుస్తున్నారో అర్థం కావాలి.

సరస్వతి (ముద్దుగా సరు) ముంబైలో ఉండే తమిళ సంప్రదాయ కుటుంబంలో పెద్ద కూతురు, లైబ్రేరియన్. కళ్లద్దాలు, జడ, వదులు బట్టలు. పెళ్లి సంబంధాలు కుదరవు. అక్కకు కాకుండా చెల్లికి చేయరు కాబట్టి చెల్లెలి పోరు వేరే. అదే బిల్డింగ్‌లో ఉండే ఇందర్ జైలుకెళ్లి వచ్చినవాడు. రూపం మార్చుకుందామని వాడి సాయం అడగబోతే, తండ్రి దాన్ని వేరేగా అర్థం చేసుకుని ఆమెను ఇంట్లోంచి గెంటేస్తాడు. అంతటితో ఆగడు, బతికున్న కూతురికి కర్మకాండ చేసేస్తాడు. అక్కడినుంచి ఆమెను నిలబెట్టేది ఇందర్. తీరా ఇద్దరూ ఒకటవుతున్నారనగా ఆమెకు మెదడులో కణితి ఉందని తెలుస్తుంది. ఎరిక్ సీగల్ 1970లో రాసిన 'లవ్ స్టోరీ' ఛాయలు చాలా ఉన్నాయి. ముగింపు ఎలా ఉంటుందో ఊహించే ఉంటారు.

హర్షవర్ధన్ రాణే తెలుగువాడా?

సగం. పుట్టింది రాజమండ్రిలో, తల్లి తెలుగు, తండ్రి మరాఠీ, పెరిగింది గ్వాలియర్‌లో. సినిమాల్లోకి వచ్చింది కూడా తెలుగుతోనే, 2010లో 'తకిట తకిట'. రవిబాబు 'అవును'లో పూర్ణ పక్కన భర్తగా చేసింది ఇతనే. 'ప్రేమ ఇష్క్ కాదల్'లోనూ, 'ఫిదా'లోనూ కనిపిస్తాడు. కాబట్టి 2025లో దేశమంతా "ఈ హీరో ఇన్నాళ్లూ ఎక్కడున్నాడు?" అంటుంటే, "మా దగ్గరే ఉన్నాడు, మేమే సరిగ్గా చూడలేదు" అని మనం ఒప్పుకోవాలి.

తెలుగు లింకు అతనితోనే అయిపోలేదు. ఇందులో 'హాల్-ఎ-దిల్' పాట పాడింది మన శ్రీరామచంద్ర, 2010లో ఇండియన్ ఐడల్ గెలిచినవాడు. మురళీ శర్మ కూడా ఉన్నాడు.

## 2016: మొదటి విడుదల

2016లో ఎంత వసూలు చేసింది?

దేశం మొత్తం మీద సుమారు 9 కోట్ల నెట్ (టికెట్ డబ్బులో పన్ను తీసేశాక మిగిలేది), అదీ మొత్తం రన్‌కి. తొలిరోజు రెండు కోట్లు కూడా రాలేదు. దేశవ్యాప్తంగా రిలీజ్ చేసిన హిందీ సినిమాకు అది చాలా చిన్న అంకె. ఇందులో సగం థియేటర్లకు పోతే డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది నాలుగు, నాలుగున్నర కోట్లు. అందులోంచే పబ్లిసిటీ ఖర్చులు కూడా తీయాలి. ట్రేడ్ ఫ్లాప్ అని రాసిందంటే కక్షగట్టి కాదు, లెక్క అలాగే ఉంది.

పాటలు అంత హిట్ అయ్యాక జనం థియేటర్‌కి ఎందుకు రాలేదు?

ఇదే అసలు ప్రశ్న, కారణం ఒక్కటి కాదు.

మొదటిది మొహాలు. హీరో హిందీ ప్రేక్షకుడికి ఎవరో తెలియదు, హీరోయిన్ పాకిస్తాన్ టీవీ సీరియళ్లు చూసేవాళ్లకే తెలుసు. శుక్రవారం పొద్దున టికెట్ తెగాలంటే పోస్టర్ మీద తెలిసిన మొహం ఉండాలి. లేకపోతే సాయంత్రానికల్లా టాక్ బ్రహ్మాండంగా రావాలి. రెండూ జరగలేదు.

రెండోది తేదీ. అదే రోజు సన్నీ దేవోల్ 'ఘాయల్ వన్స్ అగెయిన్' వచ్చింది. జనవరి చివర్లో వచ్చిన 'ఎయిర్‌లిఫ్ట్' ఇంకా ఆడుతోంది. సరిగ్గా వారానికి, ఫిబ్రవరి 12న, ఇంకో రెండు ప్రేమకథలు దిగాయి, 'ఫితూర్', 'సనమ్ రే'. ప్రేమికుల రోజు ఆ వారాంతంలోనే పడింది. అంటే ఈ తరహా సినిమాకు జనం ఎక్కువగా వచ్చే రోజున థియేటర్లు వేరేవాళ్ల చేతిలో ఉన్నాయి.

మూడోది వింటే నవ్వొస్తుంది గానీ నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. పేరు. వారం తేడాలో 'సనమ్ తేరీ కసమ్', 'సనమ్ రే'. రెండూ ప్రేమకథలే, రెండింటికీ పాటలే ప్రచారం. 'సనమ్ రే' టైటిల్ పాట అప్పట్లో ఆటోల్లో, పెళ్లిళ్లలో, ఎక్కడ చూసినా అదే. కౌంటర్ దగ్గర నిలబడి "ఆ సనమ్ సినిమా" అన్నవాడు దేన్ని అడుగుతున్నాడో వాడికే తెలియని పరిస్థితి. దీన్ని లెక్క కట్టి చూపించలేను గానీ, కొత్త మొహాల సినిమాకు పేరు కూడా తనది కాకుండా పోతే ఇంకేం మిగులుతుంది?

ప్రొడ్యూసర్ మునిగిపోయినట్టేనా?

థియేటర్ డబ్బు ఒక్కటే చూస్తే దెబ్బే. కానీ హిందీ సినిమాకు థియేటర్ ఒక్కటే ఆదాయం కాదు. మ్యూజిక్ హక్కులు, శాటిలైట్ హక్కులు, డిజిటల్ హక్కులు విడివిడిగా అమ్ముడవుతాయి. పాటలు బాగున్న సినిమాకు ఆ మొదటి ముక్కే కాస్త ఊరట. అందుకే "ఫ్లాప్" అనే మాట విన్నప్పుడల్లా అది థియేటర్ వ్యాపారం మీద తీర్పని గుర్తుపెట్టుకోవాలి.

## రివ్యూల సంగతి

అప్పట్లో విమర్శకులు ఏమన్నారు?

మిశ్రమం కన్నా కాస్త కిందే. మెలోడ్రామా మోతాదు మించిందన్నది అందరి మాట. తొంభైల నాటి కథని 2016లో చెబుతున్నారని, మలుపులకు తర్కం లేదని, రెండున్నర గంటల నిడివి బరువైందని రాశారు. మెచ్చుకున్నవాటిలో సంగీతం ముందు వరసలో ఉంది, ఆ తర్వాత జంట. కొత్తవాళ్లయినా ఇద్దరి మధ్య తెర మీద ఏదో కుదిరిందని చాలామంది ఒప్పుకున్నారు.

ఇప్పుడు హిట్ అయింది కాబట్టి ఆ రివ్యూలు తప్పనేగా?

నా ఉద్దేశంలో కాదు. వాళ్లు పట్టుకున్న తప్పులు 2025 ప్రింట్‌లోనూ అక్కడే ఉన్నాయి, ఎవరూ తీసేయలేదు. కళ్లద్దాలు పెట్టుకుని జడ వేసుకున్న అమ్మాయిని "ఎవరూ చేసుకోరు" అన్నట్టు చూపించడం, ఆ అద్దాలు తీయగానే అందగత్తె అయిపోవడం అప్పుడూ పాత చింతకాయ పచ్చడే, ఇప్పుడూ అంతే. తండ్రి ఒక్క నిమిషం కూతురు చెప్పేది వింటే సగం సినిమా ఉండదు. జబ్బు వచ్చిన తీరు కూడా అంతే, కథ చివరికి చేరాలి కాబట్టి వచ్చింది.

అయితే రివ్యూ రాసేవాడు పొద్దున షోలో, ఖాళీ హాల్లో, నోట్‌బుక్ పట్టుకుని చూశాడు. 2025లో చూసినవాళ్లలో చాలామంది కథ ముందే తెలిసి, ఏడవడానికే సిద్ధమై, నిండిన హాల్లో కూర్చున్నారు. మెలోడ్రామా అనేది గుంపులో పని చేసే సరుకు. ఒంటరిగా చూస్తే అతి అనిపించే సీను, పక్కన నలుగురు ముక్కు చీదుతుంటే వేరేగా తగులుతుంది.

మీకు నచ్చిందా లేదా? అది చెప్పకుండా తిప్పుతున్నారు.

మొదటి గంట నాకు నచ్చలేదు. మేకోవర్ కామెడీ చూస్తూ ఫోన్ తీశాను కూడా. కర్మకాండ సీన్ దగ్గర ఫోన్ లోపల పెట్టాను. ఎందుకంటే అది మనకు తెలియని సంగతి కాదు. "నాకు కూతురే లేదనుకుంటా" అనే మాట మన ఇళ్లలోనూ ఎవరో ఒక పెద్దాయన నోట విన్నదే. ఇక్కడ ఆ మాటను తంతుగా చేసి చూపించారు. తర్కం అడిగితే నిలబడదు, కానీ చూసిన నాలుగు రోజుల దాకా వదల్లేదు. హర్షవర్ధన్ నటన గొప్పదని అనను. ఎక్కువ మాట్లాడకుండా నిలబడటం వచ్చు, ఈ పాత్రకు ఆ మాత్రం సరిపోయింది. మావ్రా అంతకన్నా చాలా బాగా చేసింది.

ఐఎండీబీలో 7 పైన రేటింగ్ ఉంది కదా, మరి విమర్శకులు ఎందుకు తక్కువ ఇచ్చారు?

రెండూ వేర్వేరు మనుషులు వేసే మార్కులు. విమర్శకుడు ఆ వారం వచ్చిన ప్రతి సినిమా చూడాలి, నచ్చకపోయినా చూడాలి. ఐఎండీబీలో ఓటు వేసేవాడు తనకు నచ్చుతుందనుకున్న సినిమానే వెతుక్కుని చూస్తాడు, బాగా కదిలితేనే వెళ్లి నొక్కుతాడు. ఇలాంటి ప్రేమకథలకు ఏళ్లు గడిచేకొద్దీ ఓట్లు అభిమానుల నుంచే ఎక్కువ వస్తాయి. దాన్ని నాణ్యతకు కొలతగా కాకుండా అభిమానానికి కొలతగా చూస్తే తికమక ఉండదు.

## మధ్యలో తొమ్మిదేళ్లు

థియేటర్‌లో ఎవరూ చూడని సినిమాకు ఇంతమంది అభిమానులు ఎక్కడినుంచి వచ్చారు?

టీవీ, ఫోను. 2016 చివరికి చౌక డేటా వచ్చింది, హాస్టల్ గదుల్లో సినిమా చూడటం మామూలైంది. టైటిల్ పాట ముందు వెళ్లింది, సినిమా దాని వెనక వెళ్లింది. ఆ తర్వాత రీల్స్. ఇందర్ ఏడుపు, సరు నవ్వు ముప్పై సెకన్ల ముక్కలుగా తిరిగాయి. 2016లో స్కూల్లో ఉన్న పిల్లలు 2025కి కాలేజీ దాటారు. ఈ సినిమా వాళ్లకు ఎప్పుడూ ఫ్లాప్ కాదు. వసూళ్ల వార్తలు చదివే వయసులో వాళ్లు దీన్ని చూడలేదు.

ఇది తెలుగులోనూ జరిగిందే. 2010లో నిర్మాతను ఏడిపించిన 'ఆరెంజ్' 2023లో మళ్లీ వేస్తే హాళ్లు నిండి, జనం పాటలు గొంతెత్తి పాడారు. అప్పుడూ కథ కన్నా ముందు నడిచింది హారిస్ జయరాజ్ పాటలే.

మావ్రా హోకేన్ తర్వాత హిందీ సినిమాలు ఎందుకు చేయలేదు?

2016 సెప్టెంబర్‌లో ఉరీ దాడి జరిగింది. దాని తర్వాత పాకిస్తాన్ నటీనటులకు హిందీ సినిమాల్లో తలుపులు మూసుకున్నాయి. సినిమా ఆడకపోవడం ఒక దెబ్బ అయితే, ఇది అంతకన్నా పెద్దది. ఆమె తన దేశంలో టీవీ సీరియళ్లతో పెద్ద పేరు తెచ్చుకుంది. తమాషా ఏంటంటే ఆమె పెళ్లి 2025 ఫిబ్రవరి 5న జరిగింది, సినిమా తొలిసారి విడుదలై సరిగ్గా తొమ్మిదేళ్లు నిండిన రోజున. రెండు రోజులకే ఇక్కడ థియేటర్లలో జనం ఆమెను చూసి కన్నీళ్లు పెట్టుకున్నారు.

దర్శకులకు మధ్యలో హిట్ ఏమైనా వచ్చిందా?

లేదు. 2023లో వాళ్లు తీసిన 'యారియా 2' కూడా ఆడలేదు.

## 2025: రీరిలీజ్

రీరిలీజ్‌లో మొత్తం ఎంత వచ్చింది?

2025 ఫిబ్రవరి 7న మళ్లీ వచ్చింది. తొలిరోజే 4 కోట్లకు పైగా నెట్, శనివారం 5 కోట్ల చుట్టూ, ఆదివారం ఇంకా ఎక్కువ. 2016లో మొత్తం రన్‌కి వచ్చిన డబ్బును రెండు రోజుల్లో దాటేసింది. చివరికి 30 కోట్ల నెట్ దాటింది. అప్పటిదాకా రీరిలీజ్‌లలో ముందున్న 'తుంబాడ్'ను కూడా దాటిందని ట్రేడ్ తేల్చింది. అది కూడా మొదటిసారి, అంటే 2018లో, పెద్దగా ఆడక 2024 సెప్టెంబర్‌లో మళ్లీ వచ్చి గెలిచిన సినిమానే.

అదే రోజు కొత్త సినిమాలు లేవా?

ఉన్నాయి. జునైద్ ఖాన్, ఖుషీ కపూర్‌ల 'లవ్‌యాపా', ఇంకా హిమేశ్ రేషమ్మియా స్వయంగా హీరోగా చేసిన 'బ్యాడ్యాస్ రవికుమార్'. తొలిరోజే పాత సినిమా ఈ రెండింటినీ దాటింది. అంటే హిమేశ్ హీరోగా వచ్చిన కొత్త సినిమాను హిమేశ్ తొమ్మిదేళ్ల క్రితం పాటలు కట్టిన సినిమా ఓడించింది. ఆయన ఆ శుక్రవారం నవ్వాడో ఏడ్చాడో నాకైతే అడగాలని ఉంది. అదే రోజు 'ఇంటర్‌స్టెల్లార్' కూడా ఐమ్యాక్స్‌లో మళ్లీ వచ్చి టికెట్లు దొరక్కుండా ఆడింది. ఆ వారం మల్టీప్లెక్సులను నడిపింది పాత సినిమాలే.

తెలుగు రాష్ట్రాల్లో ఎలా ఆడింది?

అదే రోజు మన దగ్గర 'తండేల్' విడుదలైంది, ఆ వారం తెలుగు థియేటర్లు దానివే. 'సనమ్ తేరీ కసమ్' కోట్లు వచ్చింది ముఖ్యంగా ఉత్తరాది, పశ్చిమ భారత కేంద్రాల నుంచి. హైదరాబాద్ మల్టీప్లెక్సుల్లో మాత్రం ఉనికి బాగానే ఉంది.

నేను కూకట్‌పల్లి వైపు ఒక ఆదివారం సాయంత్రం షోకి వెళ్లాను. నా ముందు వరసలో ఐదుగురు అమ్మాయిలు, మాటల్ని బట్టి హాస్టల్ వాళ్లు. లైట్లు ఆరకముందే ఒకమ్మాయి టిష్యూ ప్యాకెట్ విప్పి అందరికీ తలా రెండు పంచింది, ప్రసాదం పంచినట్టు. టైటిల్ పాట వచ్చినప్పుడు హాలంతా పాడింది, ఫోన్ లైట్లు వెలిగాయి. ఇంటర్వెల్‌లో వాళ్లు పాప్‌కార్న్ దగ్గర మాట్లాడుకుంటున్నది తెలుగులో. సినిమా అందరికీ డైలాగులతో సహా వచ్చు.

మళ్లీ ఎందుకు ఆడింది? ఒక్క కారణం చెప్పండి.

ఒక్కటే చెప్పమంటే తేదీ. 2016లో ప్రేమికుల రోజు వచ్చేలోపే దమ్ము పోయిన సినిమాను 2025లో సరిగ్గా ప్రేమికుల వారం మొదట్లో దించారు. ఎదురుగా ఉన్నవి బలహీనం. హర్షవర్ధన్ కూడా సోషల్ మీడియాలో గట్టిగా తిరిగాడు. తొమ్మిదేళ్లుగా పేరుకున్న అభిమానం ఎలాగూ ఉంది, దానికి ఒక తలుపు తెరిచారు.

'ఛావా' రాకపోతే ఇంకా ఆడేదా?

కచ్చితంగా. 'ఛావా' ఫిబ్రవరి 14న వచ్చి దేశంలో పెద్ద స్క్రీన్లన్నీ ఆక్రమించింది. దీనికి షోలు బాగా తగ్గాయి. అయినా రెండో వారం పూర్తిగా చేతులెత్తేయలేదు. చిన్న స్క్రీన్లలో, సాయంత్రం షోలలో నిలబడింది.

టికెట్ తక్కువ పెట్టి హాళ్లు నింపారు, దాన్ని హిట్ అంటారా?

రీరిలీజ్ టికెట్లు మామూలుగా కొత్త సినిమాల కంటే చౌకే, నిజం. కానీ ఆ వాదన ఎదురు తిరుగుతుంది. టికెట్ తక్కువైతే అదే కోటి రూపాయలు రావడానికి ఎక్కువమంది రావాలి. 30 కోట్లు చౌక టికెట్లతో వచ్చాయంటే, ఖరీదు టికెట్లతో 30 కోట్లు తెచ్చిన కొత్త సినిమా కంటే దీన్ని ఎక్కువమంది చూశారనే అర్థం.

## అంకెల భాష

గ్రాస్, నెట్, షేర్ ఈ మూడూ ఏంటి? ఒక్కొక్కళ్లు ఒక్కో అంకె చెబుతున్నారు.

ఒక్క టికెట్ తీసుకుని చూద్దాం. 2025 ఫిబ్రవరిలో మీరు 150 రూపాయలు పెట్టి టికెట్ కొన్నారు. అది గ్రాస్. అప్పట్లో వంద రూపాయలు దాటిన టికెట్ మీద జీఎస్టీ 18 శాతం. పన్ను తీసేస్తే మిగిలేది సుమారు 127 రూపాయలు. అది నెట్. ఈ 127లో థియేటర్ తన వాటా తీసుకుంటుంది. హిందీ మల్టీప్లెక్సుల్లో 2009 ఒప్పందం నుంచి కొత్త సినిమాలకు సాగుతున్న పద్ధతి ప్రకారం తొలివారం డిస్ట్రిబ్యూటర్‌కి 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ పైన 30. ఆ లెక్కన తొలివారం ఆ టికెట్ మీద డిస్ట్రిబ్యూటర్‌కి చేరేది దాదాపు 63 రూపాయలు. అది షేర్.

ఒకే టికెట్, 150 అనొచ్చు, 127 అనొచ్చు, 63 అనొచ్చు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ఏది చెబుతున్నారో చెప్పకపోవడం దగ్గరే గొడవ.

తెలుగు సినిమా 30 కోట్ల షేర్‌తో ఈ 30 కోట్లను పోల్చొచ్చా?

పోల్చకూడదు. తెలుగు ట్రేడ్ అలవాటుగా షేర్‌లో మాట్లాడుతుంది, ఎందుకంటే ఇక్కడ ఏరియాల వారీగా హక్కులు కొన్న బయ్యర్‌కి తన డబ్బు వెనక్కి వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం. నైజాం (తెలంగాణ) ఎంత, సీడెడ్ (రాయలసీమ) ఎంత అని లెక్క. హిందీ ట్రేడ్ నెట్‌లో మాట్లాడుతుంది. పోస్టర్లు వేసేవాళ్లు ఎక్కడైనా ప్రపంచవ్యాప్త గ్రాస్ వేస్తారు, పెద్దది అదే కాబట్టి. హిందీ 30 కోట్ల నెట్‌ను షేర్‌గా మారిస్తే అందులో సగానికి కాస్త తక్కువే వస్తుంది. దాన్ని తెలుగు 30 కోట్ల షేర్ పక్కన పెడితే మామిడికాయ తూకాన్ని టెంకతో పోల్చినట్టు ఉంటుంది.

2016 తొమ్మిది కోట్లు, 2025 ముప్పై కోట్లు. టికెట్ రేట్లు పెరిగాయి కాబట్టి ఆ తేడా వచ్చిందేమో?

కొంత ఉంటుంది, మొత్తం కాదు. తొమ్మిదేళ్లలో టికెట్ ధరలు మూడింతలు కాలేదు, పైగా రీరిలీజ్‌కి తక్కువ ధర. ఇంకో సంగతి, 2016కి జీఎస్టీ లేదు, అది 2017 జులైలో వచ్చింది. అంతకు ముందు వినోదపు పన్ను రాష్ట్రానికో రకం, ముంబైలో 45 శాతం దాకా. అందుకే రెండు కాలాలను పోల్చేటప్పుడు గ్రాస్ కాకుండా నెట్ చూడటమే మేలు. ఎలా చూసినా జనం సంఖ్య పెరిగింది.

రెండు విడుదలలూ కలిపితే సుమారు 40 కోట్లు. ఇప్పుడు దీన్ని హిట్ అని రాసుకోవచ్చా?

ట్రేడ్ అలా కలపదు. 2016 విడుదల ఫ్లాప్, 2025 విడుదల సూపర్‌హిట్. రెండు వేర్వేరు వ్యాపారాలు. రెండోసారి ప్రొడక్షన్ ఖర్చు లేదు, తారల పారితోషికం లేదు, పబ్లిసిటీ నామమాత్రం. ఉన్నదల్లా ప్రింట్‌ను మళ్లీ థియేటర్లకు చేర్చే ఖర్చే. వచ్చినదాంట్లో చాలా భాగం లాభమే. హక్కులు ఎవరి దగ్గరుంటే ఆ లాభం వాళ్లది, మొదటిసారి నష్టపోయిన డిస్ట్రిబ్యూటర్‌కి మాత్రం పైసా రాదు.

'బాహుబలి: ది ఎపిక్' ఇంకా పెద్ద రికార్డు కదా?

2025 అక్టోబర్ 31న వచ్చిన ఆ సినిమా రెండు భాగాలను కలిపి, కత్తిరించి, కొత్తగా కూర్చిన వెర్షన్. దాన్ని మామూలు రీరిలీజ్ పట్టికలో పెట్టాలా వద్దా అనేది మీ ఇష్టం. నేనైతే పెట్టను. హిట్ అయిన సినిమా మళ్లీ ఆడటం వేరు, అసలు ఆడని సినిమా మళ్లీ వచ్చి ఆడటం వేరు.

## ఆ తర్వాత

దీన్ని చూసి మిగతా ఫ్లాపులు కూడా రీరిలీజ్ చేస్తే ఆడతాయా?

అన్నీ ఆడవు. ఆడినవాటిని చూడండి, 2018లో రెండు మూడు కోట్లతో సరిపెట్టుకుని 2024 ఆగస్టులో మళ్లీ వచ్చి దాన్ని దాటిన 'లైలా మజ్నూ', 2001లో ఆడకపోయినా పాటలతో బతికి 2024లో మళ్లీ వచ్చిన 'రెహనా హై తేరే దిల్ మే'. ప్రతిదానికీ బలమైన ఆల్బమ్ ఉంది, విడుదల తర్వాత ఏళ్ల తరబడి ఇళ్లలో నడిచిన చరిత్ర ఉంది. పాటలు ఎవరికీ గుర్తులేని ఫ్లాప్‌ని మళ్లీ వేస్తే ఏసీ కరెంటు బిల్లు దండగ.

హర్షవర్ధన్ కెరీర్‌కి దీనివల్ల ఉపయోగం జరిగిందా?

జరిగింది. 2025 దీపావళికి, అక్టోబర్ 21న, సోనమ్ బాజ్వాతో చేసిన 'ఏక్ దీవానే కీ దీవానియత్' వచ్చింది. రివ్యూలు బాగా తిట్టాయి, జనం మాత్రం వచ్చారు. 41 ఏళ్ల వయసులో ప్రేమపిచ్చి హీరోగా గిరాకీ రావడం మామూలు సంగతి కాదు. మధ్యలో జులైలో 'సైయారా' 300 కోట్ల నెట్ దాటడంతో ఏడిపించే ప్రేమకథలకు మార్కెట్ ఉందని నిర్మాతలకూ నమ్మకం కుదిరింది.

సీక్వెల్ వస్తుందా? సరు చనిపోయింది కదా, మావ్రా మళ్లీ ఉంటుందా?

కథ మొదటినుంచీ రెండు భాగాలుగానే అనుకున్నామని దర్శకులు చెప్పారు, రెండో భాగం ప్రకటన రీరిలీజ్‌కి ముందే, 2024లోనే వచ్చింది. మావ్రా సంగతి కష్టం. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి, మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరిగాక ఆమె చేసిన వ్యాఖ్యల మీద గొడవ రేగింది. పాత నటీనటులే ఉంటే తాను రెండో భాగంలో చేయనని హర్షవర్ధన్ బహిరంగంగా చెప్పేశాడు, దర్శకులు కూడా అతని పక్షానే నిలబడ్డారు. మ్యూజిక్ యాప్‌లలో ఆల్బమ్ కవర్ మీద నుంచి ఆమె బొమ్మ తీసేశారు. ఆ తర్వాత అక్కడ టైటిల్ పాట తెరిస్తే ఇందర్ ఒక్కడే కనిపించాడు.